నాటాల్ వెళ్లిన ముత్తాత తమ్ముణ్ణి డీఎన్‌ఏ మ్యాచ్‌లలో వెతకడం

మా ముత్తాత తమ్ముడు విశాఖ జిల్లా నుంచి కూలీగా, ఇప్పటి దక్షిణాఫ్రికాలో ఉన్న నాటాల్‌కు ఓడ ఎక్కాడు. ఆ తర్వాత ఏమయ్యాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. 1860 నుంచి 1911 దాకా మన దేశం నుంచి అలా నాటాల్ వెళ్లినవాళ్లు 1,52,000 మందికి పైనే. వాళ్ల మునిమనవలు ఇవాళ అక్కడి డర్బన్ నగరంలో డీఎన్‌ఏ పరీక్షలు చేయించుకుంటున్నారు. వాళ్ల డీఎన్‌ఏలో కొంత మనదానితో కలిస్తే దాన్నే మ్యాచ్ అంటారు. మీ ఇంట్లోనూ ఇలా వెళ్లినవాళ్లుంటే వెతకండి, దారి ఉంది.

ముందు ఇంట్లో అందరికన్నా పెద్ద తరంవాళ్ల ఉమ్మి డీఎన్‌ఏ పరీక్ష చేసే కంపెనీకి పంపండి. నేను మా మేనత్త డల్లాస్ వచ్చినప్పుడు ఆవిడది పంపాను. ముత్తాత ఒకరే అయిన ఇద్దరికి సగటున 229 సెంటీమోర్గాన్ల (కలిసిన డీఎన్‌ఏను కొలిచే లెక్క) డీఎన్‌ఏ కలుస్తుంది. ఇంకో తరం దిగితే ఆ సగటు 73కి పడిపోతుంది, కొందరికి అసలేమీ కలవదు. ఉమ్మి తీయడానికి అరగంట ముందు నుంచి కాఫీ, నీళ్లు కూడా వద్దు. ఇంట్లో దాచిన సంగతులు బయటపడొచ్చని ముందే చెప్పి, వాళ్లు సరేనన్నాకే చేయించండి.

ఫలితాల్లో జాతుల శాతాలు మనకు పనికిరావు. కంపెనీ ఇచ్చే రా డేటా ఫైల్ (మీ డీఎన్‌ఏ వివరాలున్న ఫైల్) దించుకుని, జెడ్‌మ్యాచ్ (GEDmatch) అనే డీఎన్‌ఏ పోల్చే వెబ్‌సైట్‌లో పెట్టండి. వేరే వేరే కంపెనీల్లో పరీక్ష చేయించుకున్నవాళ్లు అక్కడ కలుస్తారు. పోలీసు దర్యాప్తులకు మీ డేటా వాడుకోవచ్చా అని అడుగుతుంది, ఆలోచించి జవాబివ్వండి. తర్వాత 'వన్ టు మెనీ' నొక్కితే మ్యాచ్‌ల జాబితా వస్తుంది.

ఆ జాబితా చూసి తొందరపడొద్దు. అందులో చుట్టరికం దూరాన్ని లెక్కగట్టే పద్ధతి మేనరికాలు లేని కుటుంబాలకు సరిపోతుంది. మన ఇళ్లల్లో మేనమామను, మేనబావను చేసుకోవడం తరతరాలుగా ఉంది కదా, ఒకే పూర్వీకుల డీఎన్‌ఏ రెండు మూడు దారుల్లో దిగుతుంది. చిన్న చిన్న ముక్కలన్నీ కూడి మొత్తం పెరిగిపోయి, ఎక్కడో దూరపు బంధువు దగ్గరివాడిలా కనిపిస్తాడు. అందుకే 'ఆర్ యువర్ పేరెంట్స్ రిలేటెడ్' అనే టూల్‌ను ముందు మీ కిట్ (అక్కడ పెట్టిన మీ డేటా) మీదే నడపండి. ఆ తర్వాత ఒక్కో మ్యాచ్‌ను, ఇద్దరి డీఎన్‌ఏనూ పక్కపక్కన పోల్చే 'వన్ టు వన్'లో పెట్టి, మొత్తం కన్నా అన్నిటికంటే పెద్ద ముక్క ఎంతుందో చూడండి. 20 సెంటీమోర్గాన్లు దాటిన ముక్క ఒక్కటైనా లేకపోతే నేను ఆ మ్యాచ్ మీద టైమ్ పెట్టను.

ఇంటిపేరుతో వెతకడం కూడా దండగే. నాటాల్ ఓడ జాబితాల్లో కూలీ పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఒంటి మీద గుర్తులు రాశారు. ఇంటిపేరుకు అందులో చోటే లేదు. అక్కడి పిల్లలకు తాత పేరో, నాయుడు లాంటి కులబిరుదో ఇంటిపేరైపోయింది.

కాబట్టి డర్బన్ మ్యాచ్‌కు మొదటి మెయిల్ రాసేటప్పుడు వంశవృక్షం పంపమని అడగొద్దు. మీ ఊరు, ముత్తాత తండ్రి పేరు, ఓడ ఎక్కిన కాలం సుమారుగా రాసి, వాళ్ల పూర్వీకుడి కలోనియల్ నంబర్ తెలుసా అని అడగండి. వలస వచ్చిన ప్రతి కూలీకీ ఒక నంబర్ ఇచ్చారు. చాలా ఇళ్లల్లో అది ఇంకా దాచుకున్నారు. ఆ నంబర్ దొరికితే ఓడ జాబితాలో ఆ వరుస తీసి, తండ్రి పేరు, ఊరు మీవాటితో సరిపోయాయో లేదో చూసుకోవచ్చు.