వెయ్యి బస్తాల్లో ఎన్ని విప్పి చూడాలి? నమూనా తనిఖీ చేసే పద్ధతి

మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లుకు బియ్యం నింపే ప్లాస్టిక్ బస్తాలు వెయ్యి వచ్చాయనుకుందాం. అన్నింటినీ విప్పి చూసే తీరిక ఎవరికీ ఉండదు. చూడకుండా దించుకుంటే కుట్టు వదిలిన బస్తా బియ్యం నింపి ఎత్తినప్పుడే బయటపడుతుంది. కొన్నింటిని పరీక్షించి మొత్తం సరుకుపై నిర్ణయం తీసుకునే గణాంక పద్ధతికి 1920లలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో హెరాల్డ్ డాడ్జ్, హ్యారీ రోమిగ్ రూపమిచ్చారు. మన దేశంలో దీనికి ఐఎస్ 2500 అనే ప్రమాణం ఉంది.

ముందుగా లాట్‌ను నిర్ణయించుకోవాలి. ఒకే తయారీదారు ఒకే విడతలో కుట్టిన ఒకే రకం బస్తాలే ఒక లాట్. రెండు చోట్ల నుంచి వచ్చినవి కలిపితే మంచివాటి చాటున చెడ్డవి దాటిపోతాయి.

తరువాత ఏది లోపమో రాసిపెట్టుకోవాలి. అడుగు కుట్టును రెండు చేతులా పట్టి లాగినప్పుడు దారం ఊడివస్తే అది పెద్ద లోపం; అచ్చు కాస్త పక్కకు జరిగితే చిన్న లోపం. పెద్దవాటికి 1 శాతం, చిన్నవాటికి 4 శాతం చొప్పున లోపాల ఆమోదయోగ్య స్థాయిని, అంటే ఏక్యూఎల్‌ను, సరఫరాదారుతో ముందే ఒప్పుకోవడం మంచిది.

ఇక ఎన్ని చూడాలన్నది. ‘పది శాతం చూస్తే చాలు’ అనే అలవాటు చాలాచోట్ల ఉంది గానీ, అది లెక్కకు నిలవదు. రెండు శాతం లోపాలున్న వంద బస్తాల లాట్ నుంచి పది తీస్తే, ఒక్క లోపమూ కనబడకుండా పోయే అవకాశం నూటికి 80 దాకా ఉంటుంది. అదే లోపాల శాతమున్న వెయ్యి బస్తాల నుంచి వంద తీస్తే ఆ అవకాశం సుమారు 12కు పడిపోతుంది. శాతం ఒకటే అయినా రక్షణ ఒకటి కాదు. అందుకే ప్రమాణంలోని పట్టికను చూడాలి: సాధారణ తనిఖీలో, మామూలుగా వాడే రెండో తనిఖీ స్థాయిలో, 501 నుంచి 1200 వరకు ఉన్న లాట్‌కు నమూనా 80. పైన ఒప్పుకున్న ఏక్యూఎల్‌ల ప్రకారం, పెద్ద లోపాలు రెండు దాకా ఉంటే ఆమోదం, మూడైతే తిరస్కారం. చిన్నవి ఏడు దాకా ఆమోదం, ఎనిమిదైతే తిరస్కారం.

బస్తాలు వందేసి చొప్పున పది కట్టలుగా వస్తే, ప్రతి కట్ట నుంచి ఎనిమిది తీయాలి. హమాలీ చేతికందిన పైవాటితో సరిపెట్టకుండా, 1 నుంచి 100 వరకు చీటీలు రాసి, ఎనిమిది తీసి, ఆ వరుసలో ఉన్న బస్తాలనే విప్పాలి.

మూడో పెద్ద లోపం దొరికితే ‘ఇంకో పది చూద్దాం’ అనకూడదు. అలా అన్న క్షణమే పట్టిక పనికిరాకుండా పోతుంది. లాట్‌ను తిప్పి పంపాలి, లేదా సరఫరాదారు ఖర్చుతో మొత్తం ఏరించాలి. అయితే ఆమోదం పొందిన లాట్ నిర్దోషమైనదని కాదు: నిజంగా 5 శాతం పెద్ద లోపాలున్న లాట్ కూడా ఈ ప్రణాళికలో నూటికి ఇరవైకి పైగా సార్లు గట్టెక్కుతుంది. పది శాతమున్నది మాత్రం దాదాపుగా దాటదు.

ఫలితాలను లాట్ల వారీగా రిజిస్టరులో రాయాలి. వరుసగా వచ్చిన ఐదు లేదా అంతకంటే తక్కువ లాట్లలో రెండు తిరస్కారమైతే కఠిన తనిఖీకి మారాలి. అప్పుడు అదే 80 బస్తాల్లో పెద్ద లోపం ఒకటి దాకానే చెల్లుతుంది. వరుసగా ఐదు లాట్లు నెగ్గితే సాధారణ తనిఖీకి తిరిగి రావచ్చు. కఠిన తనిఖీలోనే తిరస్కారాలు ఐదుకు చేరితే, సరఫరాదారు తన కుట్టు యంత్రాల దగ్గర లోపాన్ని సరిచేసుకున్నట్టు చూపించేదాకా ఆ సరుకు తీసుకోవడం ఆపాలి.