ఎస్పీ రోడ్డులో ట్యాబ్ ఇచ్చేముందు

స్క్రీన్ పగిలిన ట్యాబ్ పట్టుకుని బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డుకు వెళ్తే కౌంటర్ దగ్గర ముందు వినపడే మాట 'పాస్‌వర్డ్ హేళి సార్' (పాస్‌వర్డ్ చెప్పండి సార్). చెప్పామా, అది చీటీ మీదికెక్కి ట్యాబ్ వీపుకి అంటుకుంటుంది. సాయంత్రం దాకా ఆ బల్ల చుట్టూ తిరిగేవాళ్లంతా చదవచ్చు. అడగడంలో తప్పేం లేదు. కొత్త టచ్ అన్ని మూలల్లో పలుకుతోందా, కెమెరా పనిచేస్తోందా చూడాలంటే లాక్ తీయాలి కదా! 'నానే హాక్తీని' (నేనే వేస్తాను) అని పిన్ మీరే కొట్టి, పక్కనే నిలబడి చూపించుకోండి.

నిలబడే టైం లేక వదిలేసి రావాల్సి వస్తే, శామ్‌సంగ్ ట్యాబ్ అయితే సెట్టింగ్స్‌లో డివైస్ కేర్‌లోకి వెళ్లి కిందికి జరపండి. మెయింటెనెన్స్ మోడ్ కనిపిస్తే ఆన్ చేయండి. ట్యాబ్ రీస్టార్టయి, మీ ఫొటోలు, మెసేజీలు, అకౌంట్లు ఏవీ లేకుండా కొత్తదానిలా తెరుచుకుంటుంది. మళ్లీ మామూలు కావాలంటే మీ పిన్నో, వేలిముద్రో పడాలి. పాత మోడళ్లలో ఇది ఉండదు. వాటికి బ్యాకప్ తీసి రీసెట్ చేసి ఇవ్వడమే.

టచ్ పోయి బొమ్మ మాత్రం కనిపిస్తుంటే బ్యాకప్ ఎలా అంటారా? ట్యాబ్ చార్జింగ్ పోర్టులో ఓటీజీ అడాప్టర్ (యూఎస్‌బీ పరికరాలను ట్యాబ్‌కి కలిపే చిన్న ముక్క) పెట్టి, దానికి మామూలు యూఎస్‌బీ మౌస్ తగిలించండి. చాలా ఆండ్రాయిడ్ ట్యాబుల్లో తెర మీద బాణం వస్తుంది, దాంతోనే పిన్ నొక్కొచ్చు.

అందరూ మరిచిపోయేది మెమరీ కార్డు. ట్యాబ్‌కి ఎంత గట్టి లాక్ ఉన్నా, మామూలుగా వాడే మైక్రోఎస్‌డీకి అది వర్తించదు. తీసి రీడర్‌లో పెడితే ఏ ల్యాప్‌టాప్‌లోనైనా ఆధార్ స్కాన్లు, పాన్ కార్డు ఫొటోలు అన్నీ తెరుచుకుంటాయి. కార్డూ, సిమ్మూ రెండూ తీసి జేబులో వేసుకోండి. సీరియల్ నంబర్ ఫొటో తీసుకోండి, తిరిగి తీసుకునేటప్పుడు సరిచూడొచ్చు. సిమ్ ట్యాబ్ అయితే ఐఎంఈఐ (మొబైల్ నెట్‌వర్క్ దాన్ని గుర్తుపట్టే నంబర్) కూడా రాసుకోండి, ట్యాబ్ పోతే ప్రభుత్వ సీఈఐఆర్ పోర్టల్‌లో బ్లాక్ చేయించవచ్చు. వైఫై ట్యాబ్‌కి ఐఎంఈఐ ఉండదు కాబట్టి ఆ దారి లేదు.

ఇక అమ్మేయడం. ఇక్కడ వరుస ముఖ్యం. ముందు ఫోన్‌లో వాట్సాప్ లింక్డ్ డివైసెస్‌లోంచి ట్యాబ్‌ని తీసేయండి. తర్వాత ట్యాబ్‌లో గూగుల్ అకౌంట్ రిమూవ్ చేయండి. ఆఖర్న సెట్టింగ్స్ నుంచి ఫ్యాక్టరీ రీసెట్. ఆండ్రాయిడ్ 10తోనో, ఆ తర్వాతో వచ్చిన ట్యాబుల్లో డేటా ముందే ఎన్‌క్రిప్ట్ అయి (తాళంచెవి లేనిదే చదవలేని రూపంలో) ఉంటుంది, రీసెట్‌తో దాని తాళంచెవి చెరిగిపోతుంది. అంతకన్నా పాతదైతే సెక్యూరిటీలో ఎన్‌క్రిప్ట్ ఆప్షన్ ఉందేమో చూసి, ఉంటే చార్జర్ పెట్టి ముందు అది పూర్తి చేయండి. గంటకు పైనే పట్టొచ్చు, మధ్యలో ఆపకండి.

అకౌంట్ తీయకుండా పవర్, వాల్యూమ్ బటన్లు నొక్కి రీసెట్ కొడితే, ఆండ్రాయిడ్ 5.1 నుంచి ఉన్న రక్షణ వల్ల ట్యాబ్ పాత అకౌంటే అడుగుతుంది. కొన్నవాడు ఆ రాత్రే ఫోన్ చేసి పాస్‌వర్డో, ఓటీపీనో చెప్పమంటాడు. చెప్పకండి, ట్యాబ్ తెమ్మని, పాస్‌వర్డ్ మీరే దానిలో కొట్టండి. ఐప్యాడ్ అయితే ఆ రాకపోకలు కూడా అక్కర్లేదు: యాపిల్ వారి ఐక్లౌడ్ ఫైండ్ వెబ్‌సైట్‌లోకి మీరే లాగినై ఎరేజ్ చేసి, 'రిమూవ్ ఫ్రమ్ అకౌంట్' నొక్కితే సరిపోతుంది.