‘మ్యాడ్ లవ్’ (1935) చూసే ముందు టీవీలో ఏం మార్చాలి

ఒక నటి మీద పిచ్చి ప్రేమ పెంచుకున్న పారిస్ సర్జన్ గోగోల్ కథ ఇది. దర్శకుడు కార్ల్ ఫ్రాయిండ్ పేరుమోసిన కెమెరామన్ కూడా. అందుకే భయమంతా వెలుగునీడల్లోనే ఉంటుంది. నీడలు చెడితే సినిమా చెడినట్టే.

మొదట పిక్చర్ సైజు ‘ఒరిజినల్’లో పెట్టండి. ఫ్రేము దాదాపు 4:3, పక్కల నల్లపట్టీలు ఉండాల్సిందే. సాగదీస్తే గోగోల్‌గా నటించిన పీటర్ లోరీ గుండు వెడల్పైపోతుంది, జూమ్ చేస్తే గడ్డం తెగుతుంది. కదలికల్ని కృత్రిమంగా నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ ఆపేయండి, లేకపోతే సీరియల్ చూసినట్టుంటుంది.

అసలు పని బ్రైట్‌నెస్‌ది. థియేటర్ బాక్సులో గోగోల్ ముఖం సగం చీకట్లో ఉన్న షాట్ దగ్గర పాజ్ చేయండి. నలుపు బూడిదరంగుగా కనిపిస్తే ఒక్కో అంకె తగ్గించండి. చీకట్లో ఉన్న సగం ముఖంలో వివరాలు మాయమవడం మొదలైతే ఎక్కువ తగ్గించినట్టు, రెండు అంకెలు వెనక్కి రండి. గదిలో లైటు వెలుగుతుండగా ఈ సర్దుబాటు చేయకండి, కన్ను మోసపోతుంది. ఆటో బ్రైట్‌నెస్ కూడా ఆపాలి, అది సీను మధ్యలో వెలుగు మార్చేస్తుంది.

సరౌండ్ మోడ్ వద్దు, సౌండ్ మోనో. లోరీ గొంతు చాలా మెత్తన, సబ్‌టైటిల్స్ పెట్టుకోవడంలో తప్పులేదు.

నిడివి 70 నిమిషాల లోపే కాబట్టి రెండోసారి కూడా చూడండి. ఈసారి కథలోని నటి రూపంలో ఉన్న మైనపుబొమ్మను గమనించండి. చాలా షాట్లలో బొమ్మగా నిలబడింది ఆ పాత్ర వేసిన ఫ్రాన్సెస్ డ్రేకే.