పెద్దయ్యాక కూడా చందమామ పిచ్చిని కొనసాగించడం ఎలా? కడపలో ఉండేవాళ్ళ కోసం

నలభై దాటిన మనిషి బేతాళ కథ తెరిచి కూర్చుంటే ఇంట్లో ఎవరో ఒకరు "ఈ వయసులో పిల్లోల్ల పుస్తకమేంది నాయనా" అంటారు. అననీండి. క్రికెట్ మ్యాచ్ చూడటానికీ, అభిమాన హీరో సినిమా మొదటి ఆటకు వెళ్ళడానికీ ఎవరూ వయసు అడగరు, చందమామకు మాత్రం ఎందుకు అడగాలి? చిన్నప్పుడు కథ ఏమవుతుందో అని మాత్రమే చదివాం. ఇప్పుడైతే ఆ బొమ్మ ఎవరు వేశారు, ఆ వాక్యం అంత తేలిగ్గా ఎలా నడిచింది, ఈ సంచిక ఏ ఏడాదిది అని కూడా ఆలోచిస్తాం, అందులో దొరికే ఆనందం చిన్నతనంలో దొరికినదానికి ఏమీ తక్కువ కాదు. పక్కన ఇంకో ఇద్దరు ముగ్గురు అలాంటివాళ్ళే ఉంటే చెప్పక్కర్లేదు.

పైగా మనకు ఇది ఇంటి విషయం. చందమామను 1947 జులైలో తెలుగులో, తమిళంలో మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరైన బి.నాగిరెడ్డి 1912లో మన కడప జిల్లా పొట్టిపాడులో పుట్టారు. రెండోవారు తెనాలి చక్రపాణి. మద్రాసులో అచ్చయి, తర్వాత పదికి పైగా భాషల్లోకి వెళ్ళిన ఆ పత్రిక 2013 ప్రాంతంలో ఆగిపోయింది. పత్రిక ఆగినా అభిమానం ఆగలేదు కాబట్టే ఈ వ్యాసం.

ముందు మీకు ఏది ఇష్టమో తేల్చుకోండి

"చందమామలన్నీ సేకరిస్తా" అని మొదలుపెట్టొద్దు. మధ్యలో కొంతకాలం ఆగినా, మొత్తం ఏడు వందలకు పైగా సంచికలు వచ్చాయి, అన్నీ అని కూర్చుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. మీ మనసు ఎక్కడ ఆగుతుందో చూసుకోండి. కొందరికి బేతాళ కథలు. మూలంలో ఉన్నవి పాతికే అయినా చందమామ వాళ్ళు దశాబ్దాల పాటు కొత్తవి రాయిస్తూనే వచ్చారు. కొందరికి దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళు. పేరు కూడా అచ్చు వేయించుకోకుండా అన్నేళ్ళు అన్ని జానపద సీరియళ్ళు రాసిన మనిషి గురించి ఈ రోజు నలుగురికి తెలిసిందంటే అది అభిమానులు పట్టుబట్టి వెతకడం వల్లే అని నా నమ్మకం. కొందరికి కథల కంటే ఆ వచనం ఇష్టం, 1952 నుంచి 1980లో చనిపోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు సరిదిద్దిన తెలుగు అది. ఇంకొందరికి బొమ్మలే: వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు, సీరియళ్ళకు చిత్రా వేసిన కొండలు, కోటలు, రాక్షసులు, శవాన్ని భుజాన వేసుకొని కత్తి పట్టి నడిచే విక్రమార్కుణ్ణి మనకిచ్చిన శంకర్. 2020లో కన్నుమూసిన శంకర్‌కు ఆ మరుసటి ఏడాది పద్మశ్రీ ప్రకటించారు. చివరికి పాత బిస్కెట్, సబ్బు ప్రకటనలు మాత్రమే ఇష్టపడేవాళ్ళు కూడా ఉన్నారు, అదీ మంచి దారే.

ఒక్కటి ఎంచుకోండి. ఏడాది పోయాక రెండోదానికి వెళ్ళొచ్చు.

వెతకడం

మొదట ఇంట్లోనే వెతకండి. ఊర్లో జేజి ఇంటి అటక, తాత ఇనప్పెట్టె, పెళ్ళయి వెళ్ళిపోయిన అత్త వదిలేసిన పుస్తకాల మూట, ఇవేవీ చూడకుండా డబ్బు పెట్టి కొనొద్దు. సంక్రాంతికి, ఉగాదికి ఇల్లు దులిపేటప్పుడే పాత పుస్తకాలు తూకానికి వెళ్ళిపోతాయి, కాబట్టి పండగకు రెండు వారాల ముందే బంధువులందరికీ ఫోన్ చేసి "చందమామలు ఉంటే పారేయొద్దు, నేనొచ్చి తీసుకుంటా" అని చెప్పిపెట్టండి. మీ వీధిలోని పాత పేపర్ల కొట్టాయనకు మీ నంబర్ ఇచ్చి, కిలోకు ఆయనకొచ్చే ధర కంటే కాస్త ఎక్కువిస్తానని చెప్పండి. హైదరాబాద్ వెళ్తే ఆదివారం పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్, బెంగళూరు వెళ్తే అవెన్యూ రోడ్ చూసి రండి.

కొనేముందు నాలుగు పేజీలు తిప్పి చూడాలి. పాతకాలంలో ఏడాది సంచికలన్నీ కలిపి బౌండు చేయించేవాళ్ళు, ఆ బైండర్లు చాలాసార్లు అట్టలు తీసేసి, అంచులు కత్తిరించేసేవాళ్ళు. మీకు ముఖచిత్రాలు ఇష్టమైతే అలాంటి బౌండు ఎంత చవగ్గా వచ్చినా మీకు ఉపయోగపడదు, కథలు ఇష్టమైతే అంతకంటే మంచి బేరం లేదు. బూజు వాసన వస్తున్నా, దులిపితే మట్టి రాలుతున్నా వదిలేయండి, ఒక్క చెదల పుస్తకం మిగతా అన్నిటికీ ఎసరు పెడుతుంది. గ్రంథాలయం ముద్ర ఉండి, తొలగించినట్టు రాత లేకపోతే అది ఎలా వచ్చిందో అడగండి. లైబ్రరీ పుస్తకం లైబ్రరీలోనే ఉండాలి.

అట్ట లేని సంచిక ఏ కాలానిదో కనిపెట్టడం

ఈ పిచ్చిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే, అందుకే కాస్త వివరంగా చెప్తా. మొదటి పేజీలు చిరిగిపోయి, నెల, సంవత్సరం కనబడని సంచిక చేతికొచ్చిందనుకోండి. అప్పుడు లోపలున్న ప్రకటనలు చదవాలి.

ధరలు అణాల్లో మాత్రమే ఉంటే అది 1957కు ముందుది అయ్యే అవకాశం ఎక్కువ, ఎందుకంటే మన దేశంలో రూపాయికి నూరు నయాపైసల లెక్క 1957 ఏప్రిల్ 1న మొదలైంది. అయితే మారిన కొత్తలో కొంతకాలం జనం రెండు లెక్కలూ వాడారు, కాబట్టి అణా, నయాపైసా పక్కపక్కనే కనబడితే ఆ ఒకటి రెండేళ్ళ మధ్యదని అనుకోవచ్చు. "నయాపైసలు" అని ఒక్కటే ఉంటే 1964 జూన్ లోపుది, ఆ నెల నుంచి "నయా" తీసేసి ఉత్త "పైసలు" అన్నారు. తర్వాత చిరునామాలు చూడండి. "మద్రాసు-26" అని ఊరి పక్కన చిన్న అంకె మాత్రమే ఉందా, లేక ఆరంకెల పిన్‌కోడ్ ఉందా? పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. ఇక మద్రాసు బదులు చెన్నై అని ఉంటే 1996 తర్వాతది.

ఇవన్నీ కలిపి చూస్తే ఏ కాలానిదో ఉజ్జాయింపుగా తేలుతుంది. అప్పుడు సీరియల్ ఎన్నో భాగమో చూసి, ఆ సీరియల్ తేదీ తెలిసిన మరో సంచికతో పోల్చి నెలలు లెక్కపెడితే సరిగ్గా ఫలానా నెల అని తేలిపోతుంది. ఆ రెండో సంచిక సాధారణంగా మీ దగ్గర ఉండదు, ఇంకొకరి దగ్గర ఉంటుంది. ఈ పిచ్చికి తోడు ఎందుకు కావాలో ఆ రోజు బాగా తెలుస్తుంది.

తేలిన తేదీని పుస్తకం మీద పెన్నుతో రాయొద్దు. పెన్సిల్‌తో, వెనక అట్ట లోపల, చిన్నగా రాయండి.

మన ఎండకు, మన వానకు తగినట్టు దాచడం

పాత చందమామల కాగితం ఎక్కువగా చవకరకం. అందులో ఉండే లిగ్నిన్ అనే పదార్థం వెలుతురు, గాలి తగిలినకొద్దీ కాగితాన్ని పసుపు రంగుకు తిప్పి పెళుసుగా చేస్తుంది. కడప ఎండాకాలం సంగతి చెప్పేదేముంది, నలభై దాటుతుంది. కాబట్టి కిటికీ ఎదురుగా, మేడమీద రేకుల గదిలో పెట్టొద్దు. ఇంట్లో అన్నిటికంటే చల్లగా, చీకటిగా ఉండే గదిలో, తలుపులున్న బీరువాలో పెట్టాలి. బీరువాను గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ళ సందు ఉంచండి, చెదలు గోడ పట్టుకొనే వస్తాయి. అడుగు అర ఖాళీగా వదిలేయండి. 2020 నవంబర్‌లో నివర్ తుపానుకు బుగ్గవంక పొంగి వీధుల్లోకి నీళ్ళొచ్చినప్పుడు చూశాం కదా, ముందు తడిసేవి నేలకు దగ్గరున్నవే.

సంచికలను నిలబెట్టకుండా, పది పన్నెండు చొప్పున పడుకోబెట్టి పేర్చాలి. పిన్నులు తుప్పు పట్టి ఉంటే మొద్దు చాకుతో మెల్లగా విప్పి తీసి, అవే రంధ్రాల్లోంచి తెల్లటి నూలు దారంతో కుట్టండి. చిరుగులకు సెల్లోటేపు వేయొద్దు, వేయొద్దు, వేయొద్దు. కొన్నేళ్ళకు దాని జిగురు గోధుమ రంగు మరకై కాగితంలోకి దిగిపోతుంది, ఇక ఎవరూ తీయలేరు. లామినేషన్ కూడా అంతే. చిరిగిన పేజీని అలాగే ఉంచి, సంచికను పాలీప్రొపిలీన్ కవర్లో పెట్టడం మేలు. మెత్తగా సాగే పీవీసీ కవర్లు మాత్రం వద్దు, అవి అచ్చుకు అంటుకుంటాయి.

రామబాణం పురుగులకు జిగురంటే ఇష్టం, బౌండు పుస్తకాల వీపు దగ్గర చేరతాయి. పురుగు కనబడితే ఆ పుస్తకాన్ని గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో కట్టి రెండు వారాలు ఫ్రీజర్లో పెట్టి, బయటకు తీశాక సంచి విప్పకుండా ఒకరోజు అలాగే ఉంచి అప్పుడు తెరవండి, తొందరపడి విప్పితే కాగితం చెమ్మెక్కుతుంది. కలరా ఉండలు కాగితానికి తగలకుండా గుడ్డలో కట్టి మూల పెట్టొచ్చు కానీ పసిపిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. వేపాకు పెడితే బాగా ఎండినదే పెట్టండి. అక్టోబర్, నవంబర్ వానలు అయిపోయాక ఒకసారి అన్నీ బయటకు తీసి, ఫ్యాన్ గాలికి నీడలో ఆరబెట్టి మళ్ళీ సర్దండి.

డబ్బు, ఇల్లు

నెలకు ఇంత అని ఒక మొత్తం అనుకొని, దాన్ని దాటొద్దు. ఇల్లంతా పరచకుండా ఒక బీరువా చాలనుకోండి, అది నిండితే రెండుసార్లున్నవాటిని మార్పిడికి ఇచ్చేయండి. ఇంట్లో పిల్లలుంటే రాత్రిపూట ఒక కథ చదివి వినిపించండి, వారం తిరక్కుండానే "పిల్లోల్ల పుస్తకమేంది" అన్నవాళ్ళే పక్కన కూర్చొని వింటారు.

చేత్తో కూడా ఏదో ఒకటి చేయండి

మీకు నచ్చిన బొమ్మ మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి పెన్సిల్‌తో గీత గీత పట్టుకోండి, తర్వాత చూసి గీయండి, తర్వాత పాళీ పెన్నుతో నల్ల ఇంకులో వేయండి. పదిసార్లు వేసేసరికి చిత్రా గీతకు, శంకర్ గీతకు తేడా మీ వేళ్ళకే తెలుస్తుంది.

మనుషుల్ని కలుపుకోవడం

ముగ్గురు చాలు. ఆఫీసులో ఒకరు, పిల్లల స్కూల్ దగ్గర పరిచయమైన ఒకరు, రిటైరైన తెలుగు మాస్టారు ఒకరు. వాట్సాప్ స్టేటస్‌లో ఒక ముఖచిత్రం ఫోటో పెట్టి ఊరుకోండి, "ఇది నా దగ్గర ఉండేది అన్నా" అని రాసినవాళ్ళే మీ మనుషులు. నెలకొక ఆదివారం, ఎప్పుడూ ఒకే వారం, రెండు గంటలు పెట్టుకోండి. ఎవరి ఇంట్లోనైనా సరే. ఎర్రముక్కపల్లెలో సి.పి.బ్రౌన్ గ్రంథాలయం ఉంది, అందరూ కలిసి ఒకసారి వెళ్ళి రండి. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ తన బంగళాలోనే పండితులను పెట్టుకొని, సొంత డబ్బుతో తాళపత్రాలు తెప్పించి, ప్రతికి ప్రతి పోల్చి సరిచూయించాడు. నలుగురు కూర్చొని పాత ప్రతులు పోల్చుకోవడం ఈ ఊరికి కొత్త కాదు.

కలిసినప్పుడు ఏం చేయాలి? రెండు పనులు ఎప్పుడూ బాగుంటాయి. ఒకటి, ఎవరూ చదవని బేతాళ కథ ఒకరు గట్టిగా చదివి, బేతాళుడు ప్రశ్న అడిగిన చోట పుస్తకం మూసేయాలి. అందరూ తమ జవాబు చెప్పి, ఎందుకో వాదించుకున్నాకే విక్రమార్కుడి జవాబు చదవాలి. లాయరు ఒక తీర్పు చెప్తాడు, పెద్దమ్మ ఇంకోటి చెప్తుంది, చాలాసార్లు పెద్దమ్మదే నిలుస్తుంది. రెండోది, ఫోటో వ్యాఖ్యల పోటీ. చందమామలో రెండు ఫోటోలిచ్చి, రెండిటికీ జత కుదిరేలా చిన్న మాటలు రాయమనేవాళ్ళు గుర్తుందా? మీ ఫోన్లలో తీసిన ఫోటోలతోనే ఆడండి, దేవుని కడప తేరు ఒకటి, ఏడురోడ్ల దగ్గర ట్రాఫిక్ ఒకటి.

కొన్ని పద్ధతులు మొదటి రోజే పెట్టుకోవాలి. ఎవరి సంచిక ఎవరు తీసుకెళ్ళారో, ఎప్పుడు తిరిగిస్తారో ఒక నోట్‌బుక్‌లో రాయకుండా పుస్తకం గడప దాటకూడదు, స్నేహాలు చెడేది ఇక్కడే. ఉగ్గాని, బజ్జీ ముందు తినేసి, చేతులు కడిగి తుడుచుకున్నాకే బీరువా తెరవాలి. కొత్తగా వచ్చినవాళ్ళకు పరీక్షలు పెట్టొద్దు, ఒక్క కథ పేరు కూడా గుర్తులేకపోయినా ఇష్టం ఉంటే చాలు. నా దగ్గర ఇన్ని ఉన్నాయి, నీ దగ్గర ఎన్ని ఉన్నాయి అనే మాటలు రానివ్వద్దు. సమయం ఆడవాళ్ళకు కూడా వీలైనదిగా ఉండాలి, పిల్లల్ని తీసుకొస్తే తీసుకురానివ్వండి. కళ్ళు సరిగా కనబడని పెద్దవాళ్ళు వస్తే వాళ్ళకు చదివి వినిపించడం ఆ రోజు అందరికంటే చిన్నవాళ్ళ పని. రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్ వెళ్ళినవాళ్ళలో ఈ పిచ్చి ఉన్నవాళ్ళు తప్పకుండా ఉంటారు, కథ చదివే అరగంట వీడియో కాల్ పెట్టి వాళ్ళను కూడా కలపండి. అక్కడ శుక్రవారం సెలవు, కాబట్టి అప్పుడప్పుడు ఆదివారం బదులు శుక్రవారం సాయంత్రం పెట్టుకుంటే వాళ్ళకూ వీలవుతుంది.

ఒక జాగ్రత్త. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ళ దాకా కాపీరైట్ ఉంటుంది. మీ గుంపులో మాట్లాడుకోవడానికి ఒక బొమ్మ, ఒక పేజీ చూపించుకోవడం వేరు, సంచికలకు సంచికలు పీడీఎఫ్ చేసి పంచడం, అమ్మడం వేరు. రెండోది చేయొద్దు. మీ సొంత భద్రత కోసం స్కాన్ చేసుకుంటే అక్షరాలకు 300 డీపీఐ, బొమ్మలకు 600 పెట్టుకోండి, బౌండు పుస్తకాలను మాత్రం బలవంతంగా విరిచి పడుకోబెట్టకుండా కిటికీ వెలుతురులో ఫోన్‌తో ఫోటోలు తీసుకోండి.

మొదటిసారి కలిసినప్పుడు ఒక్కొక్కరు ఒక్క సంచిక తెచ్చుకుంటే సరిపోతుంది. లేచి వెళ్ళేముందు వచ్చే నెల ఎవరింట్లో, బేతాళ కథ ఎవరు చదవాలి అనేది తేల్చుకొని నోట్‌బుక్‌లో రాసేయండి.