చేత్తో దిద్దే సెట్టింగ్స్ ఫైలు: కౌంటర్‌లో కూర్చునే మనిషికి వీలుగా

విజయవాడలో చిన్న పార్సిల్ ఆఫీసులకు సాఫ్ట్‌వేర్ రాసిపెడుతుంటాను. బస్సుల టైమింగులు, రేట్లు, ఊళ్ల ఎస్టీడీ కోడ్‌లు అన్నీ ఒక సెట్టింగ్స్ ఫైల్లో ఉంటాయి. పండగ రద్దీలో వాటిని మార్చేది బుకింగ్ క్లర్కే, అదీ నోట్‌ప్యాడ్‌లో, ఎదురుగా కస్టమర్ నిలబడి ఉండగా. ఫార్మాట్, అంటే ఫైల్లో వివరాలు రాసే పద్ధతి, ఎంచుకునేటప్పుడు ఆయన్ని కళ్ల ముందు పెట్టుకోండి.

రెండు ప్రోగ్రాములు డేటా ఇచ్చిపుచ్చుకోవడానికి జేసన్ అనే ఫార్మాట్ చక్కగా సరిపోతుంది. చేత్తో దిద్దేవాళ్లకు మాత్రం ఇవ్వకండి. ‘ఈ రేటు సంక్రాంతి వరకే’ అని పక్కన కామెంట్ రాసుకునే వీల్లేదు. చివరి వరుస తీసేస్తే పై వరుసలో మిగిలిపోయిన కామా ఒక్కటి చాలు, ఫైలు మొత్తం ఆగిపోతుంది. తప్పక జేసనే వాడాల్సి వస్తే, పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ‘ఎన్‌ష్యూర్ ఆస్కీ’ ఆప్షన్‌ను ఫాల్స్ చేయండి. లేకపోతే ‘గుంటూరు’ అన్న పేరు బ్యాక్‌స్లాష్‌లు, కోడ్ అంకెలుగా మారిపోతుంది. తెలుగువాళ్లు దిద్దే ఫైల్లో తెలుగు చదవడానికి రాకపోతే ఎలా?

యామల్ అనే ఇంకో ఫార్మాట్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఇది చూడండి:

హైదరాబాద్:
  ఎస్టీడీ: 040
  బయలుదేరు: 12:30
విజయవాడ:
  ఎస్టీడీ: 0866
  బయలుదేరు: 06:30

యామల్ 1.1 వెర్షన్ పద్ధతిలో నడిచే పైవైఎమ్ఎల్ లాంటి లైబ్రరీతో (ఫైలు చదివిపెట్టే రెడీమేడ్ కోడ్‌తో) దీన్ని చదివిస్తే 040 కాస్తా 32 అవుతుంది. ముందు సున్నా ఉంది కాబట్టి అష్టాంశ సంఖ్య (ఎనిమిదుల లెక్కలో రాసినది) అనుకుంటుంది. 0866లో 8 ఉంది కాబట్టి అది మాత్రం మామూలు అక్షరాలుగా మిగులుతుంది. 12:30ని అరవైల లెక్కలో (12×60+30) 750గా చదువుతుంది, 06:30ని ముట్టుకోదు. ఎర్రర్ ఏమీ రాదు. క్లర్క్ సరిగ్గానే టైప్ చేశారు, స్క్రీన్ మీద మాత్రం తప్పు టైమ్ కనిపిస్తుంది. నాకు కోపం తెప్పించేది ఇదే. 2009లో వచ్చిన యామల్ 1.2 వెర్షన్ ఈ రెండు పద్ధతులనూ మార్చింది, కానీ పాత పద్ధతి లైబ్రరీలు ఇంకా వాడుకలో ఉన్నాయి.

అందుకే నేను టామల్ అనే ఫార్మాట్ వాడతాను. టామ్ ప్రెస్టన్-వెర్నర్ 2013లో మొదలుపెట్టిన ఈ ఫార్మాట్ 1.0 వెర్షన్ 2021లో వచ్చింది.

# టైమ్ 24 గంటల లెక్కలో, కోట్స్ మధ్య రాయాలి
["హైదరాబాద్"]
"ఎస్టీడీ" = "040"
"బయలుదేరు" = "12:30"
"కిలో ధర రూపాయల్లో" = 18

040కి కోట్స్ మర్చిపోతే అక్కడే ఎర్రర్ ఇస్తుంది, తనకు తోచిన అర్థం తీయదు. 1.0లో తెలుగు పేర్లకూ కోట్స్ తప్పనిసరి. అది కాస్త చికాకే, కానీ ‘అన్నిటికీ కోట్స్, లెక్కలు కట్టే అంకెలకు తప్ప’ అని ఒక్క మాటలో నేర్పేయొచ్చు. వాట్సాప్ నుంచో వర్డ్ నుంచో కాపీ చేస్తే వంకర కోట్స్ రావచ్చు, అవి మాత్రం పనిచేయవు. అది ముందే చెప్పి ఉంచండి.

‘ధర’ అని వదిలేయకండి. కిలోకా, పెట్టెకా, రూపాయల్లోనా అన్నది పేరులోనే ఉండాలి. జాబితాల్లో జాబితాలు పెట్టకండి, ఊరికి ఒక విభాగం చాలు. ప్రతి విభాగం పైన నమూనా వరుస ఒకటి కామెంట్‌గా రాసి ఉంచండి. చాలామంది పై వరుస చూసి అలాగే కింద టైప్ చేస్తారు.

ఎర్రర్ మెసేజ్‌కు ఫార్మాట్‌కు పెట్టినంత శ్రద్ధా పెట్టండి. లైబ్రరీ ఇచ్చే వరుస నంబర్ తీసుకుని ‘14వ వరుసలో కోట్ మూయలేదు’ అని తెలుగులో చూపించండి. అది సరిచేసేదాకా నిన్నటి ఫైలుతోనే పని నడవనివ్వండి, కౌంటర్ ఆగకూడదు. ఫైలును పైథాన్‌లో ‘యూటీఎఫ్-8-సిగ్’ అనే ఎన్‌కోడింగ్‌తో చదవండి. కొన్ని ఎడిటర్లు మొదట్లో చేర్చే కనిపించని గుర్తుతో గొడవ ఉండదు.

ప్రోగ్రాము కూడా అదే ఫైల్లోకి రాయాల్సి వస్తే ‘టామల్‌కిట్’ అనే పైథాన్ లైబ్రరీ వాడండి. అది కామెంట్లను చెరపదు, వరుసల క్రమం మార్చదు. క్లర్క్ రాసుకున్న ‘సంక్రాంతి వరకే’ ఎక్కడిదక్కడే ఉంటుంది.