గ్రాంటు దరఖాస్తుకు ముందు జాగ్రత్తలు

విశాఖలోని చిన్న సేవా సంస్థలు ఫౌండేషన్ల తలుపు తట్టేముందు ఇవి సరిచూసుకోవాలి.

– రిజిస్ట్రేషన్ పత్రం, పాన్ కార్డు, బ్యాంకు ఖాతా మూడింటిలోనూ పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. పాన్‌లో ‘సొసైటీ’ అన్న మాట ఎగిరిపోయినా ఫైలు అక్కడే ఆగిపోవచ్చు.

– సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపునిచ్చే 12ఏ, దాతలకు పన్ను రాయితీనిచ్చే 80జీ నమోదుల గడువు చూడండి. సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధులకు కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వద్ద సీఎస్ఆర్-1 ఫారంతో నమోదు తప్పనిసరి.

– ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేనిదే విదేశీ విరాళం రూపాయి కూడా ముట్టవద్దు. 2020 సవరణ ప్రకారం ఆ సొమ్ము ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాకే రావాలి. అందులో పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు.

– బడ్జెట్‌లో గుండుగుత్త అంకెలు వద్దు. జాలరిపేటలో సాయంత్రం బడి నడపాలంటే గది అద్దె, టీచరు జీతం, పుస్తకాలు విడివిడిగా చూపండి. ‘మత్స్యకారుల సమగ్ర అభ్యున్నతి’ అని రాస్తే ఎవరికి ఏం అర్థమవుతుంది?

– గ్రాంటు ఇప్పిస్తానంటూ కమిషన్ అడిగేవారికి ఆమడ దూరం.