ఫ్లాట్లో ‘బ్లూస్ బ్రేకర్స్’ గిటారు నాదం

1966 జూలైలో డెక్కా విడుదల చేసిన బ్రిటిష్ బ్లూస్ గాయకుడు జాన్ మేయాల్ ‘బ్లూస్ బ్రేకర్స్’ ఆల్బమ్‌లో గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ చేతిలో ఉన్నది గిబ్సన్ కంపెనీ లెస్‌పాల్ గిటారు. దాన్ని తగిలించింది రెండు 12 అంగుళాల స్పీకర్లున్న మార్షల్ కాంబో ఆంప్‌కి (ఆంప్లిఫయర్, స్పీకర్లు ఒకే పెట్టెలో). దానికి మాస్టర్ వాల్యూమ్, అంటే గరగర ఉంచి మోత మాత్రం తగ్గించే మీట, లేదు. ఆల్బమ్‌లో వినిపించే ఆ గరగర నాదం రావాలంటే గట్టిగా మోగించాల్సిందే, స్టూడియోలో కూడా ఆయన తగ్గించలేదు. లెస్‌పాల్ పాత రూపం తయారీ అప్పటికే ఆగిపోయింది. ఇలాంటి రికార్డుల వల్ల గిరాకీ పెరిగి, 1968లో గిబ్సన్ మళ్లీ మొదలుపెట్టింది.

చెన్నై వేళచ్చేరి అపార్ట్‌మెంటులో అంత మోత కుదరదు కదా. హంబకర్ పికప్‌లున్న గిటారు (తీగల కింద శబ్దాన్ని పట్టే, జంట చుట్టల పికప్‌లు), చిన్న ఆంప్, గరగర తెచ్చే ఒక ఓవర్‌డ్రైవ్ పెడల్ చాలు. బ్రిడ్జ్ పికప్ (తీగలు ఆనే బ్రిడ్జ్ పక్కది) పెట్టి, గిటారు వాల్యూమ్ 10కి తిప్పండి. పెడల్ మీద గెయిన్ (గరగర ఎంతో నిర్ణయించే మీట) సగం దగ్గర మొదలుపెట్టి, మెల్లగా మీటితే దాదాపు శుభ్రంగా, గట్టిగా మీటితే గరగరలాడుతూ పలికే చోట ఆపండి. గిటారు వాల్యూమ్ 6కి దించితే గరగర తగ్గాలి. తగ్గలేదంటే గెయిన్ ఎక్కువైనట్టే. కొత్తవాళ్లంతా తప్పేది ఇక్కడే: గెయిన్ పెంచేకొద్దీ మెల్లగా మీటినా, గట్టిగా మీటినా ఒకేలా వినిపిస్తుంది.

అయినా ఆ నాదంలో సగానికి పైగా ఎడమ చేతిదే. వీణ విన్న చెవికి ఇది కొత్త కాదు, మెట్టు మీద తీగను పక్కకు లాగి గమకం పలికించడమే. బ్లూస్‌లో వాడే ఐదు స్వరాల స్కేలు ‘ఏ’ మైనర్ పెంటటోనిక్ అంటే మన శుద్ధ ధన్యాసి స్వరాలే. శ్రుతి పెట్టెలో షడ్జమాన్ని ‘ఏ’కి పెట్టండి. (సన్న తీగ నుంచి లెక్కిస్తే) రెండో తీగ 5వ ఫ్రెట్ (మెట్టు) మీటితే పంచమం. ఇప్పుడు మూడో తీగ 7వ ఫ్రెట్ (మధ్యమం) ఉంగరం వేలితో నొక్కి, చూపుడు, మధ్య వేళ్లు వెనక దన్నుగా ఉంచి, అదే పంచమం వచ్చేదాకా పైకి తోయండి. ఒక్క వేలితో తోస్తే సగం దారిలోనే ఆగి అపశ్రుతి పలుకుతుంది. స్వరం చేరాకే మణికట్టుతో ఊపండి, ముందే ఊపితే ఎక్కడికి చేరామో చెవికి తెలియదు. మూడో తీగ 5వ ఫ్రెట్ గాంధారాన్ని మాత్రం కొద్దిగా తోసి, సాధారణ, అంతర గాంధారాల మధ్యే వదిలేయాలి. బ్లూస్ రుచి అక్కడుంది.

లాగాక శ్రుతి తప్పుతోందా? నట్ (మెడ కొనన తీగలు కూర్చునే పట్టీ) గాడిలో తీగ ఇరుక్కుంటూ ఉండొచ్చు. తీగ వదులు చేసి, ఆ గాడిలో పెన్సిల్ ములుకు రుద్దండి. కొత్త తీగలను చేత్తో నాలుగైదుసార్లు సాగదీసి మళ్లీ శ్రుతి చేయండి. ‘9’ సెట్‌తో (అన్నిటికన్నా సన్న తీగ 0.009 అంగుళాల మందం ఉన్న సెట్) మొదలుపెడితే వేళ్లు బతుకుతాయి.

చెన్నై ఉప్పుగాలికి, చెమటకు తీగలు త్వరగా తుప్పు పడతాయి, వాయించాక పొడిగుడ్డతో కిందా పైనా తుడవండి. ఆంప్ గుంయ్‌మంటోందని ప్లగ్ మూడో పిన్ను (ఎర్త్) మాత్రం తీసేయకండి. 230 వోల్టుల లోపం వస్తే, తీగలు పట్టుకున్న చేతికే షాక్.